మజిల్ బ్రేక్ ఇంట్లో లేత్ మీద చేసుకోవచ్చా? బ్రేక్ తేలికే, బ్యారెల్‌తోనే తంటా

తమ్ముడూ, నువ్వడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, మిగతావాళ్ళకి కూడా తెలియాలిగా. మజిల్ బ్రేక్ అంటే రైఫిల్ మూతికి బిగించి, కాల్చినప్పుడు వెనక్కి వచ్చే తన్ను తగ్గించే ముక్క. కొలరాడోలో ఉంటావు, ఎల్క్ (పెద్ద దుప్పి) వేటకి .300 విన్ మ్యాగ్ అనే పెద్ద తూటా రైఫిల్ కొన్నావు, స్కోప్‌తో కలిపి 8 పౌండ్ల రైఫిల్, అంటే 3.6 కిలోలు, పది రౌండ్లు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. గ్యారేజ్‌లో చిన్న లేత్ ఉంది కాబట్టి మజిల్ బ్రేక్ నువ్వే చేసుకుందామని, అన్నా డ్రాయింగ్ ఇస్తారా, డ్రిల్ సైజులు చెప్తారా అన్నావు.

డ్రాయింగ్ ఇవ్వను, ఇప్పుడే చెప్పేస్తున్నా, చివరిదాకా చదివి తిట్టుకోవద్దు. నీకు పని రాదని కాదు, నువ్వు పంపిన ఫోటోలో లేత్ మీద తిప్పిన బుష్ చూశా, ఫినిష్ బానే ఉంది. కానీ నువ్వు కష్టం ఎక్కడుందో తప్పు చోట వెతుకుతున్నావు, బ్రేక్ అంటే గుండ్రటి కడ్డీకి నాలుగు కన్నాలు, బాలానగర్‌లో నేను అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు రెండో ఏడాది కుర్రాడు కూడా తిప్పేసేవాడు అలాంటిది. తంటా అంతా బ్రేక్ బిగించే ఆ బ్యారెల్ (తుపాకీ గొట్టం) మూతి దగ్గరుంది, దాని సంగతి నెమ్మదిగా చెప్తా.

నా గురించి ఒక్క లైన్, ఎవడీయన ఇంత మాట్లాడుతున్నాడు అనుకునేవాళ్ళ కోసం. హైదరాబాద్‌లో టూల్ రూమ్‌లో మొదలుపెట్టి, తర్వాత హ్యూస్టన్ వచ్చి ఆయిల్ ఫీల్డ్ పైపులకి మరలు కోస్తూ పాతికేళ్ళు గడిపా, అందులో పదేళ్ళు సాయంత్రాలు ఒక పెద్దాయన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే) షాపులో పని చేశా.

ముందు ఈ తన్ను ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం, ఇది తెలియకుండా బ్రేక్ గురించి మాట్లాడ్డం వేస్ట్. ఊళ్ళో పొలంలో మోటార్ వేసినప్పుడు డెలివరీ పైపు మూతి చేత్తో పట్టుకున్నావా ఎప్పుడైనా, నీళ్ళు ముందుకి దూకుతుంటే పైపు మనల్ని వెనక్కి తోస్తుంది కదా. రైఫిల్లో కూడా అదే, కాకపోతే అందరూ బుల్లెట్ ఒక్కటే ముందుకి పోతుందనుకుంటారు, తూటాలో మందు మండి వచ్చిన గ్యాస్ కూడా పోతుంది, అదీ బుల్లెట్ కంటే స్పీడ్‌గా. నీ రైఫిల్ లెక్కే వేద్దాం. 180 గ్రెయిన్ల బుల్లెట్ అంటే 11.7 గ్రాములు, సెకనుకి సుమారు 900 మీటర్లు, దాని మొమెంటం, అంటే కిలోల్లో బరువుని స్పీడ్‌తో గుణిస్తే, 10.5 వస్తుంది. మందు 72 గ్రెయిన్లు అనుకో, 4.7 గ్రాములు, గ్యాస్ స్పీడ్ బుల్లెట్ స్పీడ్‌కి 1.75 రెట్లు వేసుకోవడం రైఫిళ్ళకి మామూలు లెక్క, అలా చూస్తే 7.4. రెండూ కలిపి దగ్గర దగ్గర 18. అంటే నీ భుజం మీద పడే దెబ్బలో నలభై శాతం పైన గ్యాస్ వల్లే, బుల్లెట్ వల్ల కాదు.

ఇప్పుడు ఆ పైపు మూతికి ఎదురుగా ఒక రేకు ముక్క పైపుకే కట్టేశావనుకో, మధ్యలో జానెడు ఖాళీ వదిలి. నీళ్ళు పోయి రేకుని కొట్టి పక్కలకి చిమ్ముతాయి, రేకు ముందుకి లాగుతుంది, పైపు వెనక్కి తోస్తుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మజిల్ బ్రేక్ మొత్తం ఇంతే. రేకు మధ్యలో బుల్లెట్ పట్టేంత కన్నం ఉంటుంది, బుల్లెట్ దూరిపోతుంది, వెనకొచ్చే గ్యాస్‌లో చాలావరకు గోడకి కొట్టుకుని పక్క కన్నాల్లోంచి పోతుంది. బుల్లెట్ తన్ను మాత్రం ఎవడూ తగ్గించలేడు, అది పోవాల్సిందే.

అందుకే ఎవరైనా మా బ్రేక్ తొంభై శాతం రికాయిల్ (తన్ను) తీసేస్తుంది అంటే నవ్వొస్తుంది. నీ రైఫిల్‌కి ఇప్పుడు వెనక్కి వచ్చే ఎనర్జీ 44 జూల్స్ అలా ఉంటుంది. గ్యాస్‌లో సగం పక్కకి తిప్పితే 28కి దిగుతుంది. మొత్తం గ్యాస్‌ని ఒక్క చుక్క వదలకుండా పక్కకి తిప్పేసినా 15 దగ్గర ఆగుతుంది, అంతకన్నా కావాలంటే గ్యాస్‌ని వెనక్కి, అంటే నీ మొహం వైపుకి తిప్పాలి. బ్యారెట్ ఎం82 అని .50 క్యాలిబర్ రైఫిల్ ఉంది, టెనెసీలో రోనీ బ్యారెట్ అనే ఆయన 1982లో చేసింది, దాని మూతికి బాణం ములికిలాంటి పెద్ద బ్రేక్ కనిపిస్తుంది చూడు, రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి, అదే కారణం. అంత పెద్ద తూటాకి అది తప్పదు, నీ ఎల్క్ రైఫిల్‌కి అంత అక్కర్లేదు.

ఇదే లెక్కతో ఇంకోటి కూడా తెలుస్తుంది, .22 రైఫిల్‌కి బ్రేక్ పెట్టడం ఉత్త షోకు అని. దాంట్లో మందే చిటికెడు, తిప్పడానికి గ్యాస్ ఎక్కడుంది. మందు ఎక్కువ పట్టే మ్యాగ్నమ్‌లకే దీనివల్ల నిజమైన లాభం.

సరే మెషినింగ్‌కి వద్దాం. నువ్వనుకునేది ఏంటంటే బ్యారెల్‌ని చక్‌లో (లేత్ పట్టులో) పట్టి, డయల్ గేజ్ (తేడాని సూదితో చూపించే పరికరం) బయట పెట్టి సెంటర్ చూసి, మర కోసేస్తే అయిపోయిందని. నేను కూడా మొదటిసారి అదే చేశా. పెద్దాయన ఒక పాత స్క్రాప్ బ్యారెల్ ఇచ్చి చెయ్ చూద్దాం అన్నాడు, నేను బయట డయల్ సూది కదలకుండా పెట్టి, ఆయిల్ ఫీల్డ్‌లో ఇన్నేళ్ళు కోశాం ఇదో లెక్కా అనుకుంటూ అందమైన 5/8-24 (అంగుళాల్లో మర సైజు) మర కోసి ఇచ్చా. ఆయన ఏం మాట్లాడలేదు, బ్రేక్ బిగించి, బోర్‌లోకి (బ్యారెల్ లోపలి కన్నంలోకి) సరిగ్గా పట్టే సన్నటి స్టీల్ కడ్డీ ఒకటి దూర్చి, మూతి వైపునుంచి చూడమన్నాడు. కడ్డీ బ్రేక్ కన్నంలో ఒక పక్కకి ఆనుకుని ఉంది! అవతలి పక్క నెలవంకలాగా ఖాళీ. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంగతేంటంటే బ్యారెల్ బయటి గుండ్రం, లోపలి కన్నం ఒకే సెంటర్‌లో ఉండాలని రూలేం లేదు. పొడవాటి సన్నటి కన్నం తొలిచేటప్పుడు డ్రిల్ కాస్త పక్కకి పోతుంది, ఎంత మంచి కంపెనీదైనా కొంచెం ఉంటుంది, కన్నమే కొద్దిగా వంకరగా కూడా ఉండొచ్చు. బుల్లెట్‌కి బయటి గుండ్రంతో ఏం పని, అది కన్నం ఎటు చూస్తే అటు పోతుంది. కాబట్టి సెంటర్ చూడాల్సింది లోపలి కన్నానికి, అదీ ఒక్క పాయింట్ దగ్గర చూస్తే చాలదు, మూతి దగ్గరా లోపలికి కొంత దూరంలోనూ రెండు చోట్ల కలవాలి, లేకపోతే సెంటర్ ఒకచోట కుదిరి వాలు మాత్రం అలాగే ఉండిపోతుంది. వాలుంటే ఏమవుతుందో చూడు, మర పొడవు 25 మిల్లీమీటర్లలో 0.1 మిల్లీమీటర్ వాలింది అనుకో, ఒక వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ అంతే, మూడంగుళాలు ముందుకి పోయేసరికి అది 0.3 అవుతుంది. బుల్లెట్‌కి చుట్టూ పావు మిల్లీమీటర్ ఖాళీ మాత్రమే వదిలిన బ్రేక్ అయితే బుల్లెట్ వెళ్ళి గోడకి రాసుకుంటుంది, అయిపోయింది.

రాసుకుంటే ఏంటి అంటావా. సెకనుకి 900 మీటర్ల స్పీడ్‌లో రాసుకోవడం ఉండదు, గుద్దుకోవడమే. మా షాపుకి ఒకతను తెచ్చాడు, ఇంట్లో అల్యూమినియంతో చేసుకున్న బ్రేక్, పాలిష్ కొట్టి అద్దంలా మెరుస్తోంది, కన్నాలన్నీ లైన్‌గా, చూడ్డానికి నా పనికంటే బాగుంది నిజంగా. మొదటి రౌండ్ ఎటో పోయింది, టార్గెట్ పేపర్ మీద చిల్లే లేదు, స్కోప్ తేడా అనుకుని రెండోది కాల్చాడు, ముందు గోడ ఊడి ఎక్కడ పడిందో దొరకలేదు. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, ఇంకాస్త గట్టి అల్యూమినియం వాడాల్సిందా అని! మెటీరియల్‌ది కూడా తప్పే, వేడి గ్యాస్, కాలని మందు రేణువులు గోడని ఇసుకతో కొట్టినట్టు కొడతాయి, మ్యాగ్నమ్‌కి మెత్తటి అల్యూమినియం నిలవదు, అందుకే బయట దొరికేవి ఎక్కువ స్టెయిన్‌లెస్ లేదా 4140 లాంటి అల్లాయ్ స్టీల్. కానీ అసలు తప్పు అది కాదని ఆయనకి ఒప్పించడానికి గంట పట్టింది.

ఇది గ్యారేజ్‌లో చేసుకునేవాళ్ళకే జరుగుతుంది అనుకోకు. మన ధనుష్ ఫిరంగి ఉంది కదా, జబల్‌పూర్‌లో చేసే 155 ఎంఎం, పాత బోఫోర్స్ డ్రాయింగుల మీద కట్టింది, 2017లో ట్రయల్స్ చేస్తుంటే షెల్ వెళ్ళి మజిల్ బ్రేక్‌ని కొట్టింది, అప్పట్లో పేపర్లలో బాగానే వచ్చింది. తర్వాత సరిచేసి 2019లో ఆర్మీకి ఇచ్చారనుకో. ఫిరంగికి అలా జరగొచ్చంటే నీ గ్యారేజ్ లేత్‌కి ఎందుకు జరగదు చెప్పు.

ఇంకోటి, నీ లేత్ ఫోటో చూస్తే స్పిండిల్ (చక్‌ని తిప్పే గొట్టం) కన్నం చిన్నది, దాన్ని మోసే హెడ్‌స్టాక్ కూడా పొడవే. బ్యారెల్‌ని స్పిండిల్ లోపల్నుంచి దూర్చి రెండు పక్కలా పట్టుకుంటేనే ఆ వాలు సరిచెయ్యడం కుదురుతుంది. నీ మెషిన్‌లో బ్యారెల్ దూరనే దూరదు, దూరకపోతే స్టెడీ రెస్ట్ (తిరిగే ముక్కకి మధ్యలో ఇచ్చే ఆసరా) మీద పెడతావు, స్టెడీ రెస్ట్ పట్టుకునేది మళ్ళీ బయటి గుండ్రాన్నే. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

కాబట్టి నేనైతే ఏం చేస్తానంటే, లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళి మర కోయిస్తా, బ్రేక్ కూడా కొన్నదే పెట్టిస్తా. మీ వైపు రేట్లు కనుక్కో, ఆ కడ్డీ, కన్నం లోపల చూసే డయల్ గేజ్ కొనే ఖర్చుతో పోల్చి చూసుకో. ఇచ్చేముందు ఆయన్ని రెండు మాటలడుగు. సెంటర్ బయట చూస్తారా బోర్‌లో చూస్తారా అని. బిగించాక కడ్డీ పెట్టి చూపిస్తారా అని. రెండోదానికి మొహం చిట్లిస్తే దండం పెట్టి వచ్చెయ్. నీ రైఫిల్ కంపెనీనుంచే మర కోసి మూత పెట్టి వచ్చిందేమో కూడా చూసుకో, ఈమధ్య చాలా మోడళ్ళు అలాగే వస్తున్నాయి, మూతి చివర నగిషీ గీతల్లాంటి చిన్న క్యాప్ ఉంటే అదే, అప్పుడు సగం గొడవే లేదు. బిగించేటప్పుడు నలిగే వాషర్లు ఉంటాయి, అవి అన్ని పక్కలా సమంగా నలగవు, కాస్త వాలిపోతాయి, దానికంటే షిమ్ములు (సన్నటి రేకు రింగులు) గానీ లాక్ నట్టు ఉన్న బ్రేక్ గానీ మేలు. కింద వైపు కన్నాలున్నది తీసుకోకు, పడుకుని కాల్చినప్పుడు దుమ్మంతా లేచి నీ కళ్ళల్లోనే పడుతుంది.

అసలు నీకు బ్రేక్ కావాలా అన్నది ఇంకా మిగిలే ఉంది. దీనికో ఖరీదుంది, అది చెవులు. పెద్ద రైఫిల్ ఏదైనా మామూలుగానే 160 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటిన ఒక్క చప్పుడే చెవికి శాశ్వతంగా నష్టం చెయ్యగలదు. బ్రేక్ పెట్టాక ముందుకి పోయే చప్పుడు పక్కలకీ వెనక్కీ తిరుగుతుంది, కాల్చేవాడి చెవి దగ్గరే ఇంకో ఐదు పది డెసిబెల్స్ పెరుగుతుంది, పక్కన నించున్నవాడి సంగతి ఇంకా ఘోరం. రేంజ్‌లో అయితే చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకుంటావు. అడవిలో ఎల్క్ కనపడ్డాక మఫ్స్ వెతుక్కుంటావా? వెతుక్కోవు, కాల్చేస్తావు, ఆ రాత్రంతా చెవిలో గుయ్యి మంటుంది. కొంతమంది హంటింగ్ గైడ్లు బ్రేక్ ఉన్న రైఫిల్ తేవద్దని ముందే చెప్పేది అందుకే, నీ పక్కన నిలబడేది వాళ్ళు. నా ఎడమ చెవి ఇప్పుడు సగమే పని చేస్తుంది, సగం తప్పు మిషన్ షాపుది, సగం నాది.

బ్రేక్ లేకుండా ఏం చెయ్యొచ్చు అంటే ముందు స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు నీ చేతికి సరిపోయిందా చూసుకో. మనవాళ్ళలో చాలామందికి ఫ్యాక్టరీ స్టాక్ పొడుగైపోతుంది, భుజం గుంటలో కూర్చోదు, చెయ్యి కండ మీద కూర్చుంటుంది, అక్కడ కమిలేది. నీకు కమిలింది ఎక్కడో చెప్పలేదు, చూసుకుని చెప్పు. మంచి మెత్తటి రికాయిల్ ప్యాడ్ వేయించు. అర కిలో బరువు పెంచితే 44 జూల్స్ 39కి దిగుతుంది, తక్కువే అనిపిస్తుంది కానీ ప్యాడ్‌తో కలిస్తే తేడా తెలుస్తుంది, కాకపోతే కొండలెక్కేటప్పుడు ఆ అర కిలో తిట్టుకుంటావు. ఇవేవీ కాదంటే మందు తక్కువ పట్టే .308 తూటాకి మారిపో, అదే బరువు రైఫిల్‌లో 22 జూల్స్, నీ దాంట్లో సగం. మూడొందల గజాల లోపు ఎల్క్‌ని సరైన చోట కొడితే .308 చాలు, మ్యాగ్నమ్ కొనిపించిన ఫ్రెండ్ ఎవరో గానీ నీకు దూరం మీద ఉన్న మోజుని వాడుకున్నాడు.

చట్టం సంగతి. అమెరికాలో ఫెడరల్‌గా బ్రేక్‌కి పర్మిషన్ అక్కర్లేదు, కానీ సైలెన్సర్ అనేది వేరే లెక్క, అది 1934 నాటి ఫెడరల్ ఆయుధాల చట్టం (ఎన్ఎఫ్ఏ) కిందకి వస్తుంది. ఇంట్లో సొంత తెలివి వాడి గదులు గదులుగా, చుట్టూ మూసిన గొట్టంలా ఏదో చేస్తే చూసేవాడికి అది బ్రేక్‌లా కాక సైలెన్సర్‌లా కనపడొచ్చు, ఆ గొడవ నీకొద్దు, డ్రాయింగ్ ఇవ్వకపోవడానికి ఇది కూడా ఒక కారణం. కొన్ని రాష్ట్రాల్లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళ మూతికి ఏం పెట్టొచ్చు అనేదానికి రూల్స్ ఉన్నాయి. న్యూయార్క్ 2013 చట్టంలో అయితే బ్రేక్ (brake) అంటే ఆపేది అని రాయాల్సిన చోట బ్రేక్ (break) అంటే విరగ్గొట్టేది అనే స్పెల్లింగ్ పడింది, అది కోర్టు దాకా పోయింది, నవ్వుకోవడానికి పనికొస్తుంది. నువ్వు చట్టం ఏ ఏడాది అప్‌డేట్ అయిందో చూసుకుని మీ రాష్ట్రంలో ఇప్పుడేముందో గన్‌స్మిత్‌నే అడుగు.

ఇంకోటి ఇక్కడ చదివే మనవాళ్ళ కోసం, ఇది బ్రేక్ కంటే ముఖ్యం. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. నీకు గ్రీన్ కార్డ్ ఉందన్నావు కాబట్టి సరే, కానీ నీ హెచ్1బీ రూమ్మేట్‌కి సరదాగా రైఫిల్ ఇచ్చి ఫోటో తియ్యకు, అతని కార్డు ప్రాసెస్ మధ్యలో ఉంటే ఆ ఫోటోతో ఇరుక్కునేది అతనే.

కింద కామెంట్లలో ఒకాయన ఇండియానుంచి అడిగాడు, మా నాన్నగారికి .315 రైఫిల్ లైసెన్స్ ఉంది, ఊళ్ళో లేత్ షాపులో చేయించొచ్చా అని. వద్దండీ బాబూ. ఇండియాలో ఆయుధాల చట్టం 1959 ప్రకారం ఆయుధం అన్న మాటలో దాని విడిభాగాలు కూడా వస్తాయి, తుపాకీ పెట్టుకోవడానికి ఉన్న లైసెన్స్ వేరు, తయారీకి రిపేర్‌కి కావాల్సిన లైసెన్స్ వేరు. మీ నాన్నగారిది మొదటిది. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తయారీకి శిక్ష ఏడేళ్ళనుంచి యావజ్జీవం దాకా ఉంది, లేత్ తిప్పిన కుర్రాడు కూడా మీతో పాటే కోర్టు మెట్లెక్కుతాడు. ఏం చేయించాలన్నా లైసెన్స్ ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికే, అది కూడా రాతపూర్వకంగా అడిగి. ఇంకా, ఎవరైనా పిల్లలు షూటింగ్ పోటీలకి ప్రాక్టీస్ చేస్తుంటే, ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్స్‌లో రైఫిళ్ళకి కాంపెన్సేటర్లు, మజిల్ బ్రేకులు నిషేధం, కాబట్టి అక్కడ ఈ గోలే లేదు.

నీ లేత్ ఖాళీగా ఉందని బాధపడకు, మర మూతికి వేసే థ్రెడ్ ప్రొటెక్టర్ క్యాప్ చెయ్, దాంట్లోంచి బుల్లెట్ పోదు, రేంజ్‌కి వెళ్ళేముందు తీసేస్తావు, తప్పు జరిగినా చెత్తబుట్టలో పడేస్తావు. స్క్రాప్ బ్యారెల్ ముక్క ఒకటి సంపాదించి బోర్‌కి సెంటర్ చూడ్డం ప్రాక్టీస్ చెయ్, సూది రెండు చోట్లా కదలకుండా నిలబెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది.

గన్‌స్మిత్ దగ్గర బ్రేక్ వేయించుకుని వచ్చాక స్కోప్ జీరో (గురి సెట్టింగ్) మళ్ళీ చూసుకో, మూతి దగ్గర బరువు మారితే బ్యారెల్ వణికే తీరు మారి బుల్లెట్ పడే చోటు మారుతుంది, అంగుళమో రెండో పక్కకి పడితే బ్రేక్ పాడైందని కంగారు పడొద్దు. రేంజ్‌లో చివరి లేన్ అడుగు, పక్కవాళ్ళకి ముందే చెప్పు, మఫ్స్ సరిచేసుకోమను, అప్పుడు కాల్చు. భుజం మీద కమిలిన ఫోటో కూడా పంపు, స్టాక్ పొడుగో కాదో దాన్ని చూస్తే చెప్పేస్తా.